పారబోసిన పానకం లెక్క: ఒక డాక్యుమెంటరీ, మన నిషేధాలు

గుడుంబా స్థావరం మీద దాడి జరిగిన మర్నాడు జిల్లా పేజీలో పడే ఫొటో ఎప్పుడూ ఒక్కటే తీరు. బోర్లించిన డ్రమ్ము, మట్టిలోకి ఇంకుతున్న బెల్లం పానకం, వెనుక వరుసగా నిలబడ్డ ఆబ్కారీ సిబ్బంది. కింద లెక్క: ఇన్ని లీటర్ల పానకం ధ్వంసం, ఇన్ని కిలోల నల్లబెల్లం, పటిక స్వాధీనం, ఇంతమంది తహసీల్దారు ఎదుట బైండోవర్. తాగేవాడు ఏమయ్యాడన్నది ఆ లెక్కలోకి రాదు.

యూజీన్ జరెకీ తీసిన ‘ద హౌస్ ఐ లివ్ ఇన్’ డాక్యుమెంటరీ పట్టుకున్నది ఈ లోపాన్నే. 2012లో సన్‌డాన్స్ ఉత్సవంలో గ్రాండ్ జ్యూరీ బహుమతి పొందిన ఈ చిత్రం నలభై ఏళ్ల అమెరికా మాదకద్రవ్య యుద్ధానికి పద్దు రాస్తుంది: నాలుగున్నర కోట్ల అరెస్టులు, లక్ష కోట్ల డాలర్ల ఖర్చు, తగ్గని వాడకం. 1986 నాటి చట్టంలో ఐదు గ్రాముల క్రాక్ కొకైన్‌కు పడే కనీస శిక్ష పడాలంటే పొడి కొకైన్ 500 గ్రాములు ఉండాలి. క్రాక్ కేసుల్లో జైలుకు పోయింది ఎక్కువగా నల్లజాతివారే. 2010లో ఆ తేడాను 18 రెట్లకు తగ్గించారు గానీ పూర్తిగా తీసేయలేదు.

అయితే జరెకీ చట్రాన్ని యథాతథంగా తెచ్చి మనకు బిగిస్తే ఇమడదు. అక్కడ నిషేధం పైనుంచి పేదల మీద పడింది. ఇక్కడ పేద స్త్రీలే దాన్ని అడిగి తెచ్చుకున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటం 1993లో సారా నిషేధాన్ని, 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధాన్ని తెచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ స్త్రీలు తప్పు కోరారని నేననుకోను. ప్రభుత్వం దుకాణం మూసింది కానీ దవాఖానా తెరవలేదు. దెబ్బ తిన్నది అక్కడ.

ఈ మాట కల్లు దగ్గర ఇంకా స్పష్టమవుతుంది. గీత కులంలో పుట్టి మొఘలు అధికారాన్ని ఎదిరించిన సర్వాయి పాపన్న కోట ఉన్న ఖిలాషాపూర్ జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలోనిది. ఈ నేల మీద కల్లు నేరం కాదు, కులవృత్తి. చెట్టు కల్లు చాలనిచోట క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలమ్ కలిపిన మత్తు కల్లు వచ్చి చేరింది. అల్ప్రాజోలమ్‌కు అలవాటుపడ్డ ఒంటికి అది ఒక్కసారిగా ఆగిపోతే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి. వైద్యులు మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పించేది అందుకే. 2015లో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం ఇలాగే ఆసుపత్రుల పాలయ్యారు. 2020 లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యాలయం ముందు కట్టిన వరుసలూ అవే. అప్పుడు దుకాణాలు మూసింది వైరస్ భయంతో. ఒంటికి కారణాలతో పనేముంది?

గంజాయి సంగతి వేరు, చట్టం కరుకుదనమూ వేరు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం కిలో దాకా చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. దానికి కనీసం పదేళ్లు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు నుంచి హైదరాబాద్‌కు సరుకు పోయే దారుల్లో వరంగల్ రహదారి ఒకటి. అది రఘునాథపల్లి మండలం మీదుగానే, కోమళ్ల టోల్‌గేటు దాటే పోతుంది. బ్రౌన్ టేపు చుట్టిన ఎండు గంజాయి ప్యాకెట్లతో దొరికేది సాధారణంగా కిరాయికి వచ్చిన డ్రైవరు. సరుకు యజమాని ఆ బండిలో ఉండడు. జరెకీ చిత్రంలో గొలుసు చివరివాడికే శిక్ష పడే తీరు గుర్తొచ్చేది ఇక్కడే. ఇది చాలక 1986 నాటి పీడీ చట్టం గుడుంబా అమ్మేవాడినీ మాదకద్రవ్య నేరస్థుడినీ ఒకే గాటన కట్టి, విచారణ లేకుండానే ఏడాది దాకా నిర్బంధించనిస్తుంది. తెలంగాణలో దాని వాడకాన్ని సుప్రీంకోర్టు 2021 నుంచి పలుమార్లు తప్పుపట్టింది.

అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు వస్తే, వాడకం, చిన్న మొత్తం కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి అతనికి రక్షణ ఇస్తుంది. దాడుల వార్త రాసే విలేకరులు ఈసారి పానకం లీటర్లతో, గంజాయి కిలోలతో ఆగకుండా, ఆ నెల జిల్లాలో చికిత్సకు చేరినవారు ఎందరో కూడా అధికారులను అడిగి అదే వార్తలో రాయాలి.