సున్నపు జాలీల చాటున పైగా ప్రభువులు

ఫలక్‌నుమా ప్యాలెస్ పేరు వినని తెలుగువారు తక్కువ. దాన్ని కట్టించిన పైగా నవాబు వికారుల్ ఉమ్రా సమాధి కూడా హైదరాబాదులోనే, సంతోష్‌నగర్ దగ్గర పిసల్‌బండలో ఉందని తెలిసినవారు మరీ తక్కువ. ఆయన ఒక్కడే కాదు, ఆ వంశపు తరతరాలవారు అక్కడే ఉన్నారు.

హైదరాబాదును ఏలిన ఆసఫ్ జాహీల రాజ్యంలో నిజాం తర్వాత అంతటివారు పైగాలే. నిజాం సొంత సైన్యాన్ని పోషించేందుకు ఇచ్చిన జాగీర్లు వారివి. ఈ వైభవానికి పునాది వేసినవాడు అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్. రెండో నిజాం కొలువులో ఎదిగి షంసుల్ ఉమ్రా బిరుదు పొందాడు. సమాధుల నిర్మాణం 1787లో ఆయనతోనే మొదలైంది. చోటు బర్హనా షా దర్గా చెంత. సూఫీ సాధువు సన్నిధిలో ఖననం కావాలన్న కోరిక దక్కను ప్రభువుల్లో పాతదే.

ఆయన కొడుకు ఫఖ్రుద్దీన్ ఖాన్ రెండో నిజాం కూతురిని పెళ్ళాడి రాజబంధువయ్యాడు. పాశ్చాత్య విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోకి తర్జుమా చేయించి అచ్చు వేయించిన విద్యాప్రియుడాయన. సమాధుల ఆవరణకు మెరుగులు దిద్దిన ఘనతా ఆయనదే. తర్వాతి కాలంలో ఆ వంశీకులైన అస్మాన్ జా, ఖుర్షీద్ జా, వికారుల్ ఉమ్రా ముగ్గురూ అయిదో నిజాంకు అల్లుళ్ళయ్యారు. వీరిలో అస్మాన్ జా 1887లో, వికారుల్ ఉమ్రా 1893లో హైదరాబాదుకు ప్రధానమంత్రులయ్యారు. ఈ ముగ్గురూ, వారి బేగంలూ ఇక్కడే ఖననమయ్యారు.

గోల్కొండలోని కుతుబ్‌షాహీ సమాధుల్లా ఇక్కడ మహా గుమ్మటాలు కనిపించవు. చాలా సమాధులకు నెత్తిన కప్పే లేదు. ఖుల్దాబాదులో ఔరంగజేబు, మొదటి నిజాం సమాధులు కూడా ఇలాగే ఆకాశం కిందే ఉన్నాయి. సమాధి మీద కప్పు వేయకపోవడం వినయానికి గుర్తు. కానీ పైన వదిలేసుకున్న ఆడంబరమంతా పైగాలు చుట్టూ ఉన్న గోడల మీద తీర్చుకున్నారు. అంచులు పూరేకుల్లా విచ్చుకున్న కమానులు, నగిషీ చెక్కిన టేకు తలుపులు, లతలు, పూలకుండీలు, పండ్లు, నక్షత్రాల అల్లికలతో జాలీలు. ఒక జాలీలోని అల్లిక పక్కదానిలో దొరకడం అరుదు. మొగలాయి, పారశీక, రాజస్థానీ పోకడలతో పాటు యూరపు తీరు కూడా ఇందులో కలిసిపోయింది.

సమాధుల దిమ్మెలకు పాలరాయి వాడారు. గోడల మీద పనితనం మాత్రం చాలావరకు సున్నపు గచ్చుదే. సున్నంతో కట్టిన పాత ఇళ్ళను ఎరిగినవారికి ఈ పదార్థం బలమూ, బలహీనతా రెండూ తెలుసు. గచ్చును పొరలు పొరలుగా వేసి, తడి ఆరకముందే బొమ్మ తీర్చాలి. అందుకే రాతిలో రాని సుకుమారం ఇందులో వస్తుంది. కానీ ఎండావానల నుంచి కాపాడుతూ, ఎప్పటికప్పుడు మరమ్మతు చేస్తూ ఉండాలి. కప్పులేని కట్టడానికి ఆ అవసరం ఇంకా ఎక్కువ.

జాగీర్లు పోయాక ఆ ఆలనాపాలనా తగ్గింది. గచ్చు పెచ్చులూడింది, జాలీలు విరిగాయి. చుట్టూ బస్తీ ఆవరించింది. 2023లో అమెరికా రాయబారుల సాంస్కృతిక పరిరక్షణ నిధి రెండున్నర లక్షల డాలర్లు ప్రకటించింది. దానితో ఆగా ఖాన్ ట్రస్టు, తెలంగాణ వారసత్వ శాఖ కలిసి ఆరు సమాధుల బాగుకు పూనుకున్నాయి.

విదేశీ నిధి ఒకసారి వస్తుంది. సున్నానికి మాత్రం ఏటా పని ఉంటుంది. ఆ పని తెలిసిన మేస్త్రీలకు నిత్యం జీతం ఇచ్చే ఏర్పాటు ప్రభుత్వమే చేయాలి. హైదరాబాదు వెళ్ళేవారు చార్మినార్ చూశాక ఒక పూట ఇక్కడికీ కేటాయించాలి. చూడటానికి జనం వచ్చే చోటుకే మరమ్మతులూ వస్తాయి.