నాగలి బొమ్మ మగ్గులు చేసిన ఊరు

ఇంగ్లండ్‌లోని స్టోక్-ఆన్-ట్రెంట్ పుట్టుకతో ఒక ఊరు కాదు. టన్‌స్టాల్, బర్స్‌లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్ అనే ఆరు పట్టణాలు 1910లో కలిసి ఒకటయ్యాయి. ఆరింటికీ పింగాణీ, మట్టిసామాన్ల పనే బతుకుదెరువు. ఆ పని జరిగే కార్ఖానాను ఇక్కడివాళ్లు 'పాట్‌బ్యాంక్' అంటారు. కాలి కింద బొగ్గు దొరికేది. తెల్లమట్టి మాత్రం దూరాన ఉన్న డెవన్, కార్న్‌వాల్ నుంచి పడవల్లో రావాలి. 1777లో ట్రెంట్-మెర్సీ కాలువ పూర్తయ్యాక ఆ రవాణా సులువైంది.

పొలం పనులతో పెద్దగా సంబంధం లేని ఈ బట్టీల ఊరు ఇంగ్లండ్ రైతుల కోసం ఒక ప్రత్యేకమైన సరుకు తయారుచేసింది: బొమ్మల మగ్గులు. 18వ శతాబ్దం చివరి నుంచి వచ్చిన ఆ మగ్గుల మీద నాగలి, దంతె, కొడవలి, పొడుగు పిడి కోతకత్తి, కంకులు కొట్టే కర్ర, మధ్యలో గోధుమ పన ఉంటాయి. జమీందార్ల వంశచిహ్నాన్ని అనుకరిస్తూ వాటిని డాలు ఆకారంలో పేర్చి 'ఫార్మర్స్ ఆర్మ్స్' అన్నారు. చుట్టూ 'గాడ్ స్పీడ్ ద ప్లౌ' అన్న మాట, అంటే దేవుడు నాగలిని చల్లగా చూడాలని. విందులో చేతులు మారడానికి రెండు పిడులవి కూడా చేశారు. సండర్లాండ్ అనే మరో ఇంగ్లిష్ ఊరి కార్ఖానాల్లో ఇవే బొమ్మలకు గులాబీ రంగు మెరుపు అద్దేవారు.

బొమ్మను రాగిరేకు మీద చెక్కి, రంగు పూసి, పల్చటి కాగితం మీదికి దించుతారు. ఒకసారి కాల్చిన మగ్గుకు ఆ కాగితాన్ని అంటించి గట్టిగా రుద్ది, నీళ్లతో కడిగేస్తే రంగు మగ్గుకు పట్టుకుంటుంది. ఆ తర్వాత గ్లేజ్ (గాజుపూత) వేసి మళ్లీ కాల్చడమే. ప్రెస్సు దగ్గర మగవాళ్లు, కాగితం కత్తిరించేది అమ్మాయిలు, అంటించేది ఆడవాళ్లు. ఒకే రేకుతో వందల మగ్గులు అచ్చవడంతో వెల తగ్గి మామూలు ఇళ్లకూ చేరాయి.

మగ్గు మీది పల్లెలో కరువు కనబడదు, అప్పు కనబడదు. బయటి సంగతి వేరు. చలికాలపు కూలి పోగొడుతున్నాయని 1830లో దక్షిణ ఇంగ్లండ్ కూలీలు నూర్పిడి యంత్రాలను పగలగొట్టారు. మగ్గుల మీద మాత్రం కంకులు కొట్టే కర్ర చాలాకాలం అలాగే నిలిచింది.

యంత్రాల భయం బట్టీల దాకా కూడా వచ్చింది. 1844లో విలియం ఎవాన్స్ అనే కార్మిక నాయకుడు పనివాళ్లను అమెరికాలోని విస్కాన్సిన్‌కు పంపి రైతుల్ని చెయ్యాలని ఒక సంఘం పెట్టాడు. పనివాళ్లు చందాలు కట్టారు. చీటీలో పేరు వచ్చిన కుటుంబానికి 20 ఎకరాలు. అక్కడ వెలసిన పల్లె పేరు పాటర్స్‌విల్. సేద్యం రాని చేతులు, చాలని డబ్బు. 1850లు మొదలయ్యేసరికి సంఘం కూలిపోయింది. నాగలి బొమ్మల ఊరి నుంచి నిజమైన నాగలి పట్టడానికి వెళ్లినవాళ్ల ఈ కథకు, మగ్గులకు దక్కినంత పేరు దక్కలేదు.

ఒకప్పుడు వేలల్లో ఉన్న సీసా ఆకారపు బట్టీల్లో ఇప్పుడు యాభై కూడా మిగల్లేదు. లాంగ్టన్‌లోని గ్లాడ్‌స్టోన్ మ్యూజియంలో కొన్నింటిని లోపలికి వెళ్లి చూడొచ్చు. కాగితం అచ్చు పని మాత్రం 1888లో కట్టిన మిడిల్‌పోర్ట్ కార్ఖానాలో బర్లీ అనే బ్రాండు పింగాణీ మీద ఇంకా నడుస్తోంది.

కొనాలనుకునేవారికి ఒక మాట. ఈ బొమ్మను 20వ శతాబ్దంలోనూ అచ్చు వేశారు కాబట్టి నాగలిని చూసి మగ్గు వయసు కట్టకూడదు. తిరగేసి అడుగు చూడాలి. 1891లో అమల్లోకి వచ్చిన అమెరికా సుంకం చట్టం వల్ల అక్కడికి ఎగుమతయ్యే సరుకు మీద తయారైన దేశం పేరు తప్పనిసరైంది. అడుగున 'ఇంగ్లండ్' అని ఉంటే అది సాధారణంగా ఆ తర్వాతిదే. 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని ఉంటే 20వ శతాబ్దపుదని అనుకోవచ్చు.