జానీ క్యాష్ విత్ హిజ్ హాట్ అండ్ బ్లూ గిటార్

జానీ క్యాష్ విత్ హిజ్ హాట్ అండ్ బ్లూ గిటార్ అమెరికాకు చెందిన కంట్రీ సంగీత గాయకుడు జానీ క్యాష్ (1932-2003) మొదటి ఆల్బమ్. టెన్నెసీ రాష్ట్రం, మెంఫిస్ నగరంలోని సన్ రికార్డ్స్ సంస్థ దీనిని 1957 అక్టోబరు 11న విడుదల చేసింది. అంతవరకు ఒక్కో వైపు ఒక్కో పాట ఉండే చిన్న రికార్డులతోనే వ్యాపారం సాగించిన ఆ సంస్థకు ఇది మొదటి ఎల్.పి. రికార్డు. ఇందులో 12 పాటలున్నాయి. నిర్మాత సామ్ ఫిలిప్స్.

నేపథ్యం

అర్కాన్సా రాష్ట్రంలో పత్తి రైతు కుటుంబంలో పెరిగిన క్యాష్, వైమానిక దళంలో ఉద్యోగం ముగించుకొని 1954లో మెంఫిస్ చేరాడు. అక్కడ ఇంటింటికీ తిరిగి గృహోపకరణాలు అమ్మేవాడు. క్రైస్తవ భక్తిగీతాలు పాడే గాయకుడు కావాలన్నది అతని కోరిక. అయితే భక్తిగీతాల రికార్డులు అమ్ముడుపోవన్న కారణంతో ఫిలిప్స్ అందుకు అంగీకరించలేదు. ఆ కోరికకు గుర్తుగా ఈ ఆల్బమ్‌లో మిగిలినది "ఐ వాజ్ దేర్ వెన్ ఇట్ హ్యాపెన్డ్" అనే ఒక్క భక్తిగీతం మాత్రమే.

సంగీతం

వాద్యబృందం చాలా చిన్నది. ఎలక్ట్రిక్ గిటార్ వాయించిన లూథర్ పెర్కిన్స్, బేస్ వాయించిన మార్షల్ గ్రాంట్ ఇద్దరూ వృత్తిరీత్యా మోటారు మెకానిక్కులు. గ్రాంట్ బేస్ వాయించడం అప్పుడప్పుడే నేర్చుకొన్నాడు. డ్రమ్ములు లేవు. ఆ లోటు తీర్చడానికి "ఐ వాక్ ది లైన్" పాటలో క్యాష్ తన గిటారు తీగల మధ్య కాగితం దూర్చి, డ్రమ్ము వంటి చప్పుడు పుట్టించాడు. పరుగెత్తే రైలును తలపించే ఈ సాదా లయ క్రమంగా అతని ముద్రగా స్థిరపడింది. ఆరితేరిన వాద్యకారులు దొరికి ఉంటే ఈ శైలి పుట్టేదా అన్నది సందేహమే.

"ఐ వాక్ ది లైన్" 1956లోనే బిల్‌బోర్డ్ కంట్రీ పట్టికలో మొదటి స్థానం పొందింది. "క్రై! క్రై! క్రై!", "ఫోల్సమ్ ప్రిజన్ బ్లూస్", "సో డాగాన్ లోన్‌సమ్" పాటలు కూడా అప్పటికే చిన్న రికార్డులుగా వెలువడినవే. "రాక్ ఐలండ్ లైన్", 1903 నాటి వర్జీనియా రైలు ప్రమాదాన్ని గురించిన "ది రెక్ ఆఫ్ ది ఓల్డ్ 97" పాత పాటలు.

వివాదం

"ఫోల్సమ్ ప్రిజన్ బ్లూస్" రచయితగా క్యాష్ పేరే ఉన్నప్పటికీ, దాని బాణీ, పదాలు చాలావరకు గోర్డన్ జెన్‌కిన్స్ 1953లో వెలువరించిన "క్రెసెంట్ సిటీ బ్లూస్" నుంచి తీసుకొన్నవి. ఇందుకు తరువాత క్యాష్ సుమారు 75,000 డాలర్లు చెల్లించి రాజీ చేసుకొన్నాడు. అయితే జెన్‌కిన్స్ పాటలో ఖైదీ లేడు, జైలు లేదు. ఆ ఊహ క్యాష్‌దే. 1968లో ఫోల్సమ్ జైలులోనే ఖైదీల ఎదుట పాడిన రూపం మూలం కంటే ఎక్కువ ప్రసిద్ధి పొందింది.

తరువాత

రాయల్టీ తక్కువగా ఉండడం, భక్తిగీతాలకు అవకాశం లేకపోవడం వలన క్యాష్ 1958లో సన్ రికార్డ్స్‌ను వదలి కొలంబియా సంస్థలో చేరాడు. అతని భక్తిగీతాల ఆల్బమ్ "హిమ్స్ బై జానీ క్యాష్" 1959లో ఆ సంస్థ నుంచే వెలువడింది.