ఇందర్ సభా: ఉర్దూ నాటక చరిత్రలో లిపి సమస్య

ఉర్దూ నాటక చరిత్రకారుల్లో చాలాకాలం చెలామణి అయిన కథ ఒకటుంది. అవధ్ నవాబు వాజిద్ అలీ షాకు ఆయన కొలువులోని ఒక ఫ్రెంచి దేశస్థుడు పాశ్చాత్య గేయనాటకాన్ని గురించి చెప్పాడనీ, నవాబు ఆజ్ఞ మేరకు ఆగా హసన్ అమానత్ ‘ఇందర్ సభా’ రచించాడనీ, రాజప్రాసాదంలో నవాబే ఇంద్రుడి వేషం కట్టాడనీ దాని సారాంశం. 1924లో వెలువడిన ‘నాటక్ సాగర్’ ఈ కథకు వ్యాప్తి కల్పించింది. ప్రభువు పేరు చేరితే కథకు సులువుగా ప్రామాణ్యం వస్తుంది కాబోలు.

మసూద్ హసన్ రిజ్వీ అదీబ్ దీనిని నిరాకరించారు. లక్నో రంగస్థలాన్ని ఆయన రాజాస్థాన రంగస్థలం, ప్రజా రంగస్థలం అని రెండుగా విడదీసి వేర్వేరు గ్రంథాలు రాశారు. వాజిద్ అలీ షా 1840లలో రూపొందించిన ‘రాధా కన్హయ్యా కా కిస్సా’ మొదటి శాఖకు చెందినది. ఇందర్ సభా రెండవ శాఖకు చెందినది. తన కృతికి తానే రాసుకున్న ‘షర్హ్-ఎ-ఇందర్ సభా’ అనే వ్యాఖ్యలో అమానత్ మిత్రుని ప్రోద్బలాన్ని చెప్పుకున్నాడే గాని రాజాజ్ఞను పేర్కొనలేదు. వాగ్దోషం వల్ల ఇల్లు కదలక కాలం గడిపిన కవి ఆయన. సభలో నోరు విప్పడానికి వెనుకాడిన మనిషి రచన వేలమంది నోట పాటై పలకడం విశేషం.

ఇతివృత్తం స్వల్పం. ఇంద్రుడి కొలువులో పుఖ్‌రాజ్, నీలం, లాల్, సబ్జ్ పరీలు ఒకరి తరువాత ఒకరు ఆడి పాడతారు. సబ్జ్ పరీ మానవుడైన గుల్‌ఫామ్‌ను వలచి రహస్యంగా సభకు తెస్తుంది. గుట్టు బయటపడగా అతడు బావిలో బందీ అవుతాడు, ఆమె రెక్కలు తెగుతాయి. చివరకు ఆమె జోగిని వేషంలో వచ్చి, గానంతో ఇంద్రుణ్ణి మెప్పించి, ప్రియుణ్ణి విడిపించుకుంటుంది. కథాసంవిధానం పలుచన అన్న విమర్శ సబబే. అయితే ఆ విమర్శ ముద్రిత పాఠాన్ని చూసి చేసినదే గాని ప్రదర్శనను చూసి చేసినది కాదు. ఫారసీ పలుకుబడి గల గజల్, వ్రజభాషా ఛాయలున్న ఠుమ్రీ, హోలీ ఒకే పాత్ర నోట వరుసగా వినబడడమే ఈ నాటకానికి ప్రాణం. ఉర్దూ రంగస్థలం పుట్టుకలోనే మిశ్రభాషా రంగస్థలం.

ఈ మిశ్రస్వభావమే దానిని లిపుల ఎల్లలు దాటించింది. ఇందర్ సభా నాగరిలోను, గుజరాతీ లిపిలోను అచ్చయింది. భారతదేశంలో స్థిరపడిన బాగ్దాదీ యూదులు హీబ్రూ లిపిలో రాసుకున్న ప్రతి నేటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 1892లో ఫ్రీడ్రిష్ రోజెన్ దానిని జర్మన్ భాషలోకి అనువదించాడు. బొంబాయి పార్సీ సమాజాలు ఉర్దూను చేపట్టినప్పుడూ ఇదే జరిగింది. ఎదల్జీ ఖోరీ గుజరాతీ నాటకానికి బెహ్రామ్‌జీ మర్జబాన్ చేసిన ఉర్దూ అనువాదం ‘సోనే కే మోల్ కీ ఖుర్షీద్’ 1871లో గుజరాతీ లిపిలోనే వెలువడింది. మరుసటి ఏడు విక్టోరియా నాటక సమాజం మొదటి సాలార్ జంగ్ ఆహ్వానంపై హైదరాబాదు వచ్చింది. ‘యహూదీ కీ లడ్‌కీ’ వంటి కృతులతో ఆగా హష్ర్ కాశ్మీరీ ఈ రంగస్థలానికి సాహిత్య గౌరవం తెచ్చింది ఆ తరువాతి తరంలో.

తెలుగు పరిశోధకులకు ప్రత్యక్షంగా సంబంధించిన అంశం ఇక్కడే ఉంది. 1880లలో మచిలీపట్నంలో నాదెళ్ళ పురుషోత్తమ కవి హిందూస్థానీ నాటకాలను తెలుగు లిపిలో రచించాడు. వాటిని హిందీ నాటకాలుగా లెక్కించడం పరిపాటి. నాగరిలో ఉంటే హిందీ, ఫారసీ లిపిలో ఉంటే ఉర్దూ అనే విభజన ఆ ప్రతుల విషయంలో నిలవదు. అవి ఆ రెండు లిపుల్లోనూ లేవు. తెలుగు నాటకాల్లో పార్సీ మట్లు ఎలా చేరాయో పరిశీలించినంత శ్రద్ధగా ఈ ప్రతుల్లోని పదజాలాన్ని, పాటల బంధాలను ఇందర్ సభా సంప్రదాయంతో పోల్చి చూడవలసి ఉంది. ఆ పోలికకు ఉర్దూ లిపి తెలియకపోవడం అడ్డు కాదు. నాటకాలు ఉన్నది తెలుగు అక్షరాలలోనే.