ఇనుప పట్టా నుంచి రేడియల్ దాకా: కొత్త టైర్లు వేస్తే బండి ఎందుకు ఊగింది?

ఈసారి పంట ముచ్చట కాదు, పంటను మార్కెట్‌కు మోసే బండి ముచ్చట రాస్తున్న. జర పొడుగైతది గాని చివరిదాకా చదవండి. నా తప్పుతో నేను నేర్చుకున్నది ఇది.

పోయినేడు పత్తి రెండో ఏరుడప్పుడు నా పాత పికప్ ముందటి టైర్లు రెండూ నున్నగైపోయినయ్. వెనకటివి ఇంకో సీజన్ వస్తయ్ అనిపించింది. పైసలు చూసుకొని ముందటి రెండే మార్చిన. "రేడియల్ వేసుకో, ఎక్కువ రోజులు నడుస్తది, డీజిల్ కలిసొస్తది" అన్నరు. వేయించిన. ఖాళీ బండితో ఇంటికొస్తుంటే స్టీరింగ్ ఎంత తేలికగ తిరిగిందో, ఇన్నేండ్లు ఎందుకు వేయలేదా అనుకున్న.

రెండు రోజులకు పత్తి నింపి భైంసా తోవ పట్టిన. లోడు మీద ఇద్దరు కూసున్నరు. అందుల ఒకడు మా పక్కింటి పిల్లగాడు, డిగ్రీ చదువుతున్నడు, సెలవుల కూలికి వచ్చిండు. మలుపుల ఎదురుగ లారీ వస్తే స్టీరింగ్ జర గట్టిగ తిప్పిన. ముందు భాగం తిప్పినంత తిరిగింది. వెనక భాగం మాత్రం బయటికి జారింది. బండి రోడ్డు దిగి మట్టిల ఆగింది. బోల్తా పడలే, ఎవరికీ దెబ్బ తాకలే. కానీ ఆ పిల్లగానికి ఏమన్న అయితే వాళ్లమ్మకు ఏం మొఖం చూపేటోన్ని? ఆ రాత్రి నిద్ర పట్టలే. ఆ రోజు నుంచి లోడు మీద మనిషిని ఎక్కించుడు బంద్ చేసిన.

అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించిన. బ్రేకులు చూపించిన. కమాన్ పట్టీల బుష్‌లు మార్పించిన. పైసలు పోయినయ్ గాని వెనక జారుడు పోలే. ఆఖరికి ఎడ్లబండ్ల టైర్ల కాలం నుంచి పంక్చర్లు వేస్తున్న ఒక ముసలాయన బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, టైర్ల పక్కన రాసిన అక్షరాలు చదివి నవ్విండు. "ముందట కోడెను కట్టినవ్, వెనక ముసలి ఎద్దును కట్టినవ్. జోడు కుదరకుంటే బండి ఎట్ల పోతది?" అన్నడు.

ఆయన మాట అర్థం కావాలంటే చక్రం మన దగ్గరికి ఎట్ల వచ్చిందో వెనక్కి పోయి చూడాలె.

మన తాతల బండికి కట్టె చక్రం, దాని మీద ఇనుప పట్టా. వడ్రంగి కుండ, ఆకులు కూర్చేది. కమ్మరి పట్టాను ఎర్రగ కాల్చి చక్రానికి ఎక్కించి నీళ్లు పోసేది. ఇనుము చల్లబడి బిగుసుకుంటే ఆకులన్నీ ఒక్కటై నిలిచేవి. పట్టా కొలత జర పెద్దగైతే వదులు, జర చిన్నగైతే ఆకులు వంగుడు. ఎండాకాలం కట్టె ఎండి పట్టా వదులైతే చక్రాలను నీళ్లల్ల నానబెట్టేది. ఇరుసుకు కందెన పెట్టకుంటే కిర్రుమనేది. బండి ఒక పక్కకు గుంజితే మనోళ్లు ముందు ఎడ్ల జోడు చూసేది, తర్వాత ఇరుసు, తర్వాత పట్టా, ఆఖరికి లోడు ఎటు ఒరిగిందో చూసేది. అంటే ఒక్కొక్కటి తీసేసుకుంట రోగం ఎక్కడుందో పట్టేది. ఈ వరుస మనకు కొత్తది కాదు.

గాలి టైరు కనిపెట్టిన కథ మన రైతులకు నచ్చుతది. స్కాట్లాండ్‌కు చెందిన రాబర్ట్ థామ్సన్ 1845లోనే గాలి చక్రానికి పేటెంట్ తీసుకున్నడు, కానీ అప్పుడు దాని అవసరం ఎవరికీ పడలే. మళ్ల 1888లో జాన్ బాయిడ్ డన్లప్ పేటెంట్ తీసుకున్నడు. ఆయన బెల్‌ఫాస్ట్‌ల పశువుల డాక్టర్. కొడుకు మూడు చక్రాల సైకిల్ రాళ్ల మీద ఎగిరెగిరి పడుతుంటే చూడలేక రబ్బరు గొట్టంల గాలి నింపి చుట్టిండు. థామ్సన్ పాత పేటెంట్ బయటపడి డన్లప్ హక్కు నిలవలేదు గాని పేరు మాత్రం నిలిచింది. మన దేశంల గాలి టైర్ల ఎడ్లబండికి డన్లప్ బండి అనే పేరు అట్ల వచ్చిందే.

మన దిక్కు ఈ టైర్లు మొదట బస్సులతో వచ్చినయ్. నిజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. అప్పట్ల భైంసా, ముధోల్, కుబీర్ నాందేడ్ జిల్లాల ఉండేవి. 1956 నవంబర్ 1న రాష్ట్రాలు మారినప్పుడే ఇటు ఆదిలాబాద్ జిల్లాల కలిసినయ్. ఊర్ల మాత్రం చాలా ఏండ్లు ఇనుప పట్టానే నడిచింది. 1936లో డన్లప్ కంపెనీ బెంగాల్‌ల సాహాగంజ్‌ దగ్గర ఫ్యాక్టరీ పెట్టింది. 1946లో మద్రాసుల బెలూన్లు చేసే చిన్న షెడ్డుగ మొదలైన ఎంఆర్ఎఫ్ తర్వాత టైర్లలకు దిగింది. దేశంలనే టైర్లు తయారైనంక అవి మెల్లగ ఎడ్లబండ్లకూ ఎక్కినయ్.

టైరు బండి వచ్చినప్పుడు మనోళ్లు మస్తు సంతోషపడ్డరు. సన్న ఇనుప పట్టా వానాకాలం రేగడిల దిగిపోయేది. వెడల్పు టైరు దిగదు. బరువు రెట్టింపు వేసినా ఎడ్లు గుంజేవి. కానీ ఇంకో కష్టం వచ్చింది. బేరింగులు, గాలి టైర్లు ఉన్న బండి దిగుడుల ఆగదు. బరువంతా వచ్చి ఎడ్ల మెడల మీద పడుతది. పాత బండి బరకగ నడిచేది కాబట్టి ఆ బరకతనమే సగం బ్రేకు. చక్రం మారింది, కాడి మారలే, బ్రేకు రాలే. బెంగళూరు ఐఐఎంకు మొదటి డైరెక్టర్‌గా చేసిన ఎన్.ఎస్. రామస్వామి ఎడ్లబండిని బాగు చేయాలని ఏండ్ల తరబడి తిరిగిండు. ఎడ్ల మెడ పుండ్ల గురించి, కాడి గురించి ఆయన పట్టుబట్టింది ఇందుకే. చక్రం ఒక్కటి మారిస్తే సరిపోదు, దాంతో పనిచేసేవన్నీ చూసుకోవాలె.

ఇదే పాఠం ప్రపంచం మళ్లొకసారి నేర్చుకుంది, రేడియల్ వచ్చినప్పుడు. పాత టైరు, మనం నైలాన్ అంటమే, దాంట్ల దారాలు అడ్డదిడ్డంగ ఒకదాని మీద ఒకటి ఏటవాలుగ పోతయ్. గోడ, పైభాగం ఒకటే ముద్ద. మలుపుల గోడ వంగితే రోడ్డుకు ఆనుకునే భాగం కూడ మెలిక పడుతది, అంచు లేస్తది. ఫ్రాన్స్‌ల మిషెలిన్ కంపెనీ 1946లో రేడియల్‌కు పేటెంట్ తీసుకొని 1949లో అమ్మకానికి తెచ్చింది. దాంట్ల దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు నేరుగ పోతయ్, పైన గట్టి పట్టీలు ఉంటయ్. గోడ మెత్తగ వంగినా పైభాగం రోడ్డును విడువదు. అందుకే పట్టు ఎక్కువ, వేడి తక్కువ, అరుగుడు తక్కువ. మన దేశంల జేకే టైర్ 1977లో రేడియల్ తయారీ మొదలుపెట్టింది.

ఇప్పుడు నా బండి సంగతి చూడండి. ముందట రేడియల్, స్టీరింగ్ తిప్పంగనే రోడ్డును పట్టి తిరుగుతది. వెనక నైలాన్, అదే మలుపుల అంత పట్టలేదు. ముందు పట్టి, వెనక జారితే బండి చుట్టూ తిరుగుతది. దాని మీద పత్తి లోడు ఎత్తుగ ఉంటే ఇంకేముంది. బ్రిటన్‌ల ఇసొంటి బండ్లకు ముందట రేడియల్, వెనక పాత రకం వేసుకునుడు చట్టం ఒప్పదు. ఒక ఇరుసుకు రెండు రకాలు వేసుడు కూడ నేరమే. నాకు ఆ సంగతి తెల్వదు, అమ్మినోళ్లు చెప్పలే, అడగకపోవుడు నా తప్పు.

గాలి సంగతి ఇంకో పెద్ద కథ. అమెరికాల ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే బండి, పికప్ ఛాసిస్ మీద కట్టింది, టైర్ల పైపొర ఊడి బోల్తా పడుతుంటే 2000 ఆగస్టుల ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. టైర్ల లోపం ఉంది. దాంతోపాటు ఫోర్డ్ చెప్పిన గాలి 26 పాయింట్లు తక్కువ అనే కొట్లాట నడిచింది. ఫైర్‌స్టోన్ 30 కావాలన్నది. గాలి తక్కువ, బరువు ఎక్కువ, ఎండ, వేగం, ఈ నాలుగూ కలిస్తే టైరు లోపల ఉడుకుతది. మన మే నెల ఎండల మక్కల లోడుతో నిర్మల్ రోడ్డు మీద పోయేటోళ్లు ఇది యాదుంచుకోవాలె.

ఆ ముసలాయన దగ్గర నేర్చుకున్న వరుస, కొంత నేను చదువుకున్నది కలిపి చెప్తున్న. కొత్త టైర్లు వేసినంక బండి తేడా చేస్తే అలైన్‌మెంట్‌కు ఉరుకుడు కాదు, ఈ వరుసల చూడండి.

ఒకటి, టైరు పక్కన రాసింది చదవండి. 7.00-15 అని గీత ఉంటే నైలాన్. నడుమ ఆర్ అక్షరం ఉంటే రేడియల్. నాలుగూ ఒకటే రకం, ఒకటే సైజు ఉండాలె. పికప్‌కు కారు టైరు వేయొద్దు. బరువు మోసే నంబరు పాతదానికంటే తక్కువ ఉండొద్దు. తక్కువ ఉంటే గోడ వంగి లోడు మీద బండి ఉయ్యాల ఊగుతది.

రెండు, గాలి. పొద్దుగాల టైరు చల్లగున్నప్పుడు చూడాలె. ఎంత పెట్టాల్నో బండి పుస్తకంల, తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉంటది. లోడుకు వెనక వేరే లెక్క ఉంటది. దుకాణంల నాలుగింటికీ ఒక్కతీరుగ కొట్టి పంపుతరు.

మూడు, నట్లు. కొత్తగ బిగించినవి వంద కిలోమీటర్లు పోయినంక మళ్ల బిగించాలె. డ్రమ్ము మీద తుప్పు, మట్టి ఉంటే చక్రం సరిగ కూసోదు.

నాలుగు, వణుకుడు. ఒక వేగం దగ్గరనే వణికితే బ్యాలెన్సింగ్. స్టీరింగ్ వణికితే ముందటివి, సీటు వణికితే వెనకటివి చూపియ్యండి.

ఐదు, పక్కకు గుంజుడు. ముందటి రెండు టైర్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చండి. టైరు మీద తిరిగే దిక్కు బాణం ఉంటే మార్చొద్దు. మార్చినంక గుంజుడు కూడ దిక్కు మారితే రోగం టైర్లనే ఉంది. మారకుంటే అప్పుడు అలైన్‌మెంట్, బ్రేకు, టై రాడ్, బాల్ జాయింట్ చూపియ్యండి. పాత టైరు నున్నగున్నప్పుడు దాగిన వదులు కొత్త టైరుకు బయటపడుతది.

ఇవన్నీ సరిగున్నా మొదటి కొన్ని వందల కిలోమీటర్లు కొత్త టైరు జర జారుతది, మెత్తగ ఊగుతది. అచ్చుల నుంచి వచ్చిన నునుపు అరిగేదాకా మెల్లగ నడపండి.

నేను వెనక నైలాన్ తీసేసి అక్కడ కూడ రేడియల్ వేసిన. వెనక జారుడు పోయింది. రెండు టైర్ల పైసలు మిగులుతయ్ అనుకుంటే అలైన్‌మెంట్లకు, బుష్‌లకు అంతకన్న ఎక్కువ పోయినయ్. ఒకవేళ రెండే కొనే శక్తి ఉంటే పాతవి ఏ రకమో అదే రకం కొనండి. లేదంటే రేడియల్ రెండూ వెనకకే వేయండి, ముందట కాదు.

పక్కింటి పిల్లగాడు ఈ ఏడు కూడ ఏరుడుకు వచ్చిండు. ఇప్పుడు నా పక్కన ముందు సీట్ల కూసుంటడు.