మైక్ కూల్‌బా: 17 ఏళ్ల ఆట.. 19 రోజుల కోచింగ్.. ఒక హెల్మెట్ రూల్

మైక్ కూల్‌బా (1972–2007) అమెరికాకు చెందిన బేస్‌బాల్ ఆటగాడు, కోచ్. 17 సీజన్ల పాటు మైనర్ లీగ్‌లలో ఆడినా, మేజర్ లీగ్‌లో ఆయనకు దక్కినవి కేవలం 44 మ్యాచ్‌లు. ఆట వదిలి కోచ్‌గా చేరిన మూడు వారాల్లోపే మైదానంలో బంతి తగిలి కన్నుమూశారు. ఇవాళ అమెరికా బేస్‌బాల్‌లో బేస్ దగ్గర నిలబడే కోచ్‌లు హెల్మెట్ పెట్టుకుంటున్నారంటే, అందుకు కారణం ఆ మరణమే.

మైనర్ లీగ్ అంటే ఏంటి?

అమెరికాలో ప్రతి మేజర్ లీగ్ జట్టుకు కింద కొన్ని అనుబంధ జట్లు ఉంటాయి. సింగిల్-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ అంటూ మెట్లు మెట్లుగా ఉంటుంది ఈ వ్యవస్థ. కుర్రాళ్లు కింద మొదలుపెట్టి పైకి ఎక్కాలి. జీతాలు తక్కువ. ఊరి నుంచి ఊరికి గంటల కొద్దీ బస్సు ప్రయాణాలు. మన దగ్గర రంజీ ఆడినవాళ్లలో టీమిండియా దాకా వెళ్లేది కొందరే కదా! అక్కడా అంతే. చాలామంది మధ్యలోనే వేరే పని చూసుకుంటారు. కూల్‌బా మాత్రం వదల్లేదు.

ఆటగాడిగా..

కూల్‌బా 1972 జూన్ 5న న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌లో పుట్టారు. పెరిగింది టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో. అన్న స్కాట్ కూడా మేజర్ లీగ్‌లో ఆడి, తర్వాత కోచ్ అయ్యారు. 1990లో టొరంటో బ్లూ జేస్ జట్టు 16వ రౌండ్‌లో మైక్‌ను ఎంపిక చేసుకుంది. అక్కడి నుంచి ఒక జట్టు తర్వాత మరో జట్టు. ఎక్కువగా థర్డ్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసేవారు.

1997లో డబుల్-ఏ స్థాయిలో హంట్స్‌విల్ స్టార్స్ తరఫున 30 హోమ్ రన్లు కొట్టి, 132 పరుగులు రాబట్టారు. అంత ఆడినా పై నుంచి పిలుపు రాలేదు. ఇంకో నాలుగేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. చివరికి 2001 జూలై 16న మిల్వాకీ బ్రూవర్స్ జట్టుతో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 29. ఆ ఏడాది 39 మ్యాచ్‌లు, 2002లో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు 5 మ్యాచ్‌లు ఆడారు. మొత్తం 15 హిట్లు, 2 హోమ్ రన్లు. అంతటితో మేజర్ లీగ్ అధ్యాయం ముగిసింది. తర్వాత కూడా మైనర్ లీగ్‌లో మరికొన్నేళ్లు ఆడారు.

కోచ్‌గా 19 రోజులు

2007 జూలై 3న ఓక్లహోమాలోని టల్సా డ్రిల్లర్స్ జట్టులో బ్యాటింగ్ కోచ్‌గా చేరారు. అప్పట్లో ఇది కొలరాడో రాకీస్ జట్టుకు డబుల్-ఏ అనుబంధ జట్టుగా ఉండేది. అప్పటికి ఆయనకు ఇద్దరు కొడుకులు. భార్య మూడోసారి గర్భవతి.

బేస్‌బాల్‌లో తమ జట్టు బ్యాటింగ్ చేసేటప్పుడు ఒక కోచ్ ఫస్ట్ బేస్ పక్కన, మరో కోచ్ థర్డ్ బేస్ పక్కన నిలబడి పరుగెత్తేవాళ్లకు సూచనలిస్తారు. చేతికి గ్లోవ్ ఉండదు. అప్పట్లో తలకు హెల్మెట్ కూడా ఉండేది కాదు.

జూలై 22న ఆర్కన్సాస్‌లోని నార్త్ లిటిల్ రాక్‌లో మ్యాచ్. కూల్‌బా ఫస్ట్ బేస్ దగ్గర నిలబడ్డారు. సొంత జట్టు బ్యాటర్ బలంగా కొట్టిన ఫౌల్ బంతి నేరుగా వచ్చి ఆయన మెడకు తగిలింది. మెదడుకు రక్తం తీసుకెళ్లే వెర్టిబ్రల్ ధమని దెబ్బతిని, మెదడులో తీవ్ర రక్తస్రావం జరిగింది. ఆయన వయసు 35 ఏళ్లు.

క్రికెట్ అభిమానులకు ఇది వింటే ఫిలిప్ హ్యూస్ గుర్తొస్తాడు. 2014 నవంబర్‌లో సిడ్నీలో బౌన్సర్ తగిలి చనిపోయిన హ్యూస్‌కు కూడా దెబ్బతిన్నది ఇదే ధమని. అతను హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు. కానీ బంతి తగిలింది హెల్మెట్ కింద, మెడ మీద.

మరణం తర్వాత

మేజర్ లీగ్ జట్ల జనరల్ మేనేజర్లు 2007 నవంబర్‌లోనే నిర్ణయం తీసుకున్నారు. 2008 సీజన్ నుంచి బేస్ కోచ్‌లకు హెల్మెట్ తప్పనిసరి అయింది. కొందరు సీనియర్ కోచ్‌లకు ఇది నచ్చలేదు. కూల్‌బాకు దెబ్బ తగిలింది మెడకు కాబట్టి హెల్మెట్ ఉన్నా కాపాడేది కాదన్న వాదనా వచ్చింది. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ తర్వాతి బంతి మెడకే తగలాలని లేదు కదా, తలకూ తగలొచ్చు! అందుకే రూల్ నిలిచింది.

అదే ఏడాది రాకీస్ తొలిసారి వరల్డ్ సిరీస్‌కు చేరింది. ప్లేఆఫ్ డబ్బులో ఒక పూర్తి వాటాను కూల్‌బా కుటుంబానికి ఇవ్వాలని ఆటగాళ్లు ఓటు వేసి తీర్మానించారు. ప్లేఆఫ్స్‌లో ఒక మ్యాచ్‌కు ముందు ఆయన కొడుకులిద్దరూ లాంఛనంగా తొలి బంతి విసిరారు. ఆ అక్టోబర్‌లోనే కూతురు పుట్టింది. డ్రిల్లర్స్ జట్టు ఆయన జెర్సీ నంబర్ 29ని ఇక ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది. మైనర్ లీగ్ బేస్‌బాల్ 2008లో ఆయన పేరిట ఒక అవార్డు కూడా ప్రారంభించింది.

15 హిట్లు కొట్టిన ఆటగాడిని రికార్డు పుస్తకాల్లో ఎవరూ వెతకరు. కానీ కోచ్‌లు తలకు హెల్మెట్ తగిలించుకుని బేస్ దగ్గరికి నడిచే ప్రతి మ్యాచ్‌లోనూ మైక్ కూల్‌బా గుర్తు ఉంటుంది.