పుర్రె చూసి ఆడా, మగా చెప్పగలమా?

టీవీలో నేర పరిశోధన సీరియల్ చూసిన మిత్రులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది. అనాటమీ పాఠాలు చెప్పేవాడిని కనుక నాకు తెలిసినంత వరకు వివరిస్తాను.

గుర్తు తెలియని ఎముకలు దొరికితే పోలీసులు తప్పిపోయినవాళ్ళ జాబితా తీస్తారు. ఆడా, మగా అన్నది తేలితే వెతకవలసిన పేర్లు బాగా తగ్గుతాయి. అదే తప్పుగా తేలితే అసలు మనిషి పేరు ముందే కొట్టేసినట్టు!

1935 సెప్టెంబరులో స్కాట్లండులోని మోఫట్ దగ్గర వాగులో రెండు శవాల ముక్కలు దొరికాయి. ఒకటి మగవాడిది, రెండోది ఆడమనిషిది అని మొదట్లో పత్రికల్లో వచ్చింది. గ్లేస్టర్, బ్రాష్ అనే ఆచార్యుల బృందం పరీక్షించాక ఇద్దరూ స్త్రీలేనని తేలింది. బొంబాయి నుంచి వెళ్ళి లాంకస్టర్‌లో స్థిరపడిన డాక్టర్ బక్ రక్స్‌టన్ ఇంటి మనుషులు వాళ్ళు. 1936లో అతన్ని ఉరి తీశారు.

కంటితో చూసేవి ముఖ్యంగా అయిదు: కనుబొమల మధ్య ఉబ్బు, కంటిగుంత పై అంచు, చెవి వెనక ఎముక ముడి, తల వెనక గట్టు, గడ్డం. మగవాళ్ళలో ఇవి సాధారణంగా మొరటుగా ఉంటాయి. కంటిగుంత అంచు మాత్రం మొద్దుగా ఉంటుంది. ఒక్కొక్కదానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. యౌవనం రాని పిల్లల పుర్రెల్లో ఈ తేడాలు నమ్మదగ్గవి కావు.

చూపు మనిషి మనిషికీ మారుతుంది కనుక కొలతలు వచ్చాయి. 1963లో గైల్స్, ఇలియట్ అమెరికన్ పుర్రెల కొలతలతో సూత్రాలు కట్టారు. నూటికి 82 నుంచి 89 వరకు సరిగ్గా చెప్పగలిగారు.

కిటుకు ఇదీ. ఒక జనాభాలో చెంప ఎముకల మధ్య వెడల్పు సగటున మగవాళ్ళకి 130 మిల్లీమీటర్లు, ఆడవాళ్ళకి 122 అనుకుందాం. మధ్యలో 126 దగ్గర గీత గీస్తాం. మరింత పెద్ద పుర్రెలున్న జనాభాలో ఆ గీత 129 దగ్గర పడవచ్చు. మొదటి జనాభాకి చెందిన 127 మగవాణ్ణి రెండో గీతతో తూస్తే ఆడమనిషి అయిపోతాడు! నిజానికి చాలా కొలతలు కలిపి లెక్కిస్తారు, అయినా చిక్కు అదే.

ప్రవాసులమైన మనకి ఇక్కడే పని ఉంది. హార్వర్డ్ ఆచార్యుడు హవెల్స్ ప్రపంచమంతా తిరిగి సుమారు 2,500 పుర్రెలు కొలిచారు. ఆ పట్టికలో అండమాన్ దీవులవాళ్ళు ఉన్నారు కాని భారత ప్రధాన భూభాగం వాళ్ళు లేరు. టెన్నెసీ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఫోర్‌డిస్క్ అనే సాఫ్ట్‌వేర్ అయినా తన దగ్గరున్న జనాభాలతోనే పోల్చగలదు. పోలిక లేని పుర్రెకీ ఏదో ఒక జవాబు చెబుతుంది. అది నమ్మదగ్గదా కాదా అన్నది చూసేవాడే తేల్చుకోవాలి.

అందుకే కటి ఎముక దొరికితే దానికే మొదటి పీట. 2011లో స్ప్రాడ్లీ, జాంట్జ్ చేసిన పరిశీలనలో కాళ్ళూ చేతుల ఎముకల కొలతలు కూడా పుర్రెని మించాయి. వీలైతే డీఎన్ఏ పరీక్ష ఉండనే ఉంది.

పుర్రె చెప్పేది సంభావ్యత మాత్రమే. ఎవరితో పోల్చి చెప్పారన్నది కూడా రాసి ఉంటేనే ఆ నివేదికకి విలువ.